పైలట్ లేని విమానం ఎక్కుతామా?



కిందటి వారం మన కేంద్రంలో ఒక అప్ప అడిగింది. "మాస్టారూ, విమానం దానంతటదే ఎగురుతాదంట. మరి డ్రైవరుకి జీతం ఎందుకు?" మంచి ప్రశ్న. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి మన ఊళ్లలో విమానాల మాటలు ఎక్కువయ్యాయి.

ఆ అప్ప విన్నది అబద్ధం కాదు. విమానం నడిపే మనిషి పైలట్. అతనికి సాయం చేసే యంత్రం ఆటోపైలట్. 1914లోనే లారెన్స్ స్పెర్రీ అనే కుర్రవాడు దీన్ని పారిస్‌లో చూపించాడు. చేతులు పైకెత్తి కూర్చున్నాడు. విమానం తిన్నగానే పోయింది. ఇప్పటి యంత్రం ఎత్తు, దిక్కు, వేగం అన్నీ చూసుకుంటుంది. 2020లో ఎయిర్‌బస్ కంపెనీ ఇంకో పరీక్ష చేసింది. కంప్యూటరే కెమెరాతో దారి చూసుకుంది. విమానాన్ని తానే లేపింది, తానే దించింది. పైలట్లు పక్కనే కూర్చుని కాపలా కాశారు.

సంత నుంచి వచ్చేటప్పుడు బండివాడు కునుకు తీస్తాడు. ఎడ్లే ఇంటికి తెస్తాయి. రోజూ నడిచే దారి కదా! గెడ్డ పొంగితే మాత్రం బండివాడు లేవాల్సిందే.

2009 జనవరి 15న అమెరికాలో అలాగే అయింది. పక్షులు తగిలి విమానం ఇంజన్లు రెండూ చెడిపోయాయి. లోపల 155 మంది ఉన్నారు. పైలట్ సల్లెన్‌బర్గర్ విమానాన్ని హడ్సన్ నది మీద దించాడు. అందరూ బతికారు.

యంత్రమే తప్పు చేస్తే? 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో అదే జరిగింది. ఒక చిన్న పరికరం తప్పు లెక్క చెప్పింది. కంప్యూటరు దాన్ని నమ్మింది. విమానం ముక్కును కిందికి వంచింది. పైలట్లు పైకెత్తాలని పెనుగులాడారు. వల్ల కాలేదు. రెండు విమానాల్లో 346 మంది పోయారు.

అలాగని మనిషి ఒక్కడే చాలునా? దీనికి దూరం పోనక్కర్లేదు. రైలు నడిపేవారిని కూడా లోకో పైలట్ అనే అంటారు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర ఏమైందో మీకు తెలుసు. పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయి ఉన్నాయి. అలాంటప్పుడు రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మెల్లగా పోవాలి. రాయగడ బండి ఈ నియమం పాటించలేదని రైల్వే ప్రాథమిక విచారణ చెప్పింది. ఆ బండి డ్రైవరూ, అతని సహాయకుడూ ఆ ప్రమాదంలోనే పోయారు. వాళ్ల మాట ఇంక ఎవరూ వినలేరు. సిగ్నల్ చెడిపోవడం యంత్రం తప్పు కాదా? నాకైతే ఆ ఇద్దరి మీదే నేరం మోపడం న్యాయం అనిపించదు.

కవచ్ అనే యంత్రం ఉంది. ముందు బండి ఉంటే, డ్రైవరు బ్రేకు వెయ్యకపోయినా అదే వేస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ దగ్గర పరీక్షించారు. రైల్వే మంత్రి ఇంజన్లోనే కూర్చున్నారు. ముందున్న ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది. కంటకాపల్లి లైనులో ఆ రోజు కవచ్ లేదు.

కాబట్టి అప్పా, డ్రైవరుకి జీతం ఇవ్వాల్సిందే. అతని పక్కన కవచ్ కూడా పెట్టాల్సిందే.