మన సికింద్రాబాద్ కుర్రాడు, ఒలింపిక్స్ గోల్: తులసీదాస్ బలరాం

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న ప్రశ్న. మెస్సీ ఏ వరల్డ్ కప్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడంటే టక్కున చెప్పేస్తారు కదా? మరి ఒలింపిక్స్‌లో ఇండియా తరఫున గోల్ కొట్టిన సికింద్రాబాద్ కుర్రాడి పేరు చెప్పండి చూద్దాం.

తెలీదా? ఆయన పేరు తులసీదాస్ బలరాం. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86 ఏళ్ల వయసులో పోయారు. ఈరోజు ఆయన గురించే మాట్లాడుకుందాం.

బలరాం గారు 1936లో అమ్ముగూడలో పుట్టారు. తమిళ కుటుంబం, డబ్బున్న ఇల్లేం కాదు. ఆ కుర్రాడి ఆట రహీం సాబ్ కంట్లో పడింది. సయ్యద్ అబ్దుల్ రహీం అంటే, 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగన్ చేసిన పాత్ర, ఆయనే. అప్పట్లో ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. అలాంటి కోచ్ ప్రాక్టీసుకి రమ్మన్నారు. కానీ అమ్ముగూడ నుంచి అంత దూరం రోజూ వచ్చేదెలా? అద్దె సైకిల్‌కి రోజుకో రూపాయి రహీం సాబే ఇచ్చారట. అమ్ముగూడ నుంచి ఎల్బీ స్టేడియానికి ఒకసారి మ్యాప్స్‌లో వేసి చూడండి. సైకిల్ మీద వచ్చి, ఆడి, మళ్లీ సైకిల్ మీదే ఇంటికి పోవాలి!

1956కల్లా ఆయన మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానం. అవును, మీరు విన్నది కరెక్టే, నాలుగో స్థానం!

తర్వాత 1960, రోమ్. మనకి తగిలిన గ్రూప్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ మీద 2-1తో ఓడిపోయాం, మన గోల్ బలరాం కొట్టిందే. ఆ హంగరీయే చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ మీద 3-1తో ఓడాం, అక్కడా మన గోల్ ఆయనదే. అంటే రోమ్‌లో ఇండియా కొట్టిన మూడు గోల్స్‌లో రెండు బలరాంవే. ఆ తర్వాత ఇప్పటిదాకా మనం ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి క్వాలిఫై కాలేదు.

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. ఫైనల్లో సౌత్ కొరియా మీద 2-1తో గోల్డ్. ఆ జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఈ ముగ్గురినీ ఫుట్‌బాల్ అభిమానులు ఒకే ఊపిరిలో చెబుతారు.

మరి మిగతా ఇద్దరి పేర్లు ఎక్కడో అక్కడ వినపడతాయి, ఈయన పేరు ఎందుకు వినపడదు? నాకు అర్థమైనంతవరకు చెప్తాను. 27 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కి వందకు పైగా గోల్స్ కొట్టి, 1961లో కెప్టెన్‌గా చేసి, ఆయన బెంగాల్లోనే ఉండిపోయారు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికారు. మనవాళ్లు 'ఆయన కోల్‌కతా మనిషి' అనుకున్నారు. అక్కడేమో ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. అర్జున అవార్డు వచ్చింది. పీకేకి, చునీకి వచ్చిన పద్మశ్రీ మాత్రం ఈయనకి రాలేదు.

ఈ ఎపిసోడ్ కోసం నేను ఆయన ఆట వీడియోలు చాలా వెతికాను. ఒక్క పూర్తి మ్యాచ్ కూడా దొరకలేదు. దొరికింది ఒక పెద్దాయన. సికింద్రాబాద్‌లోనే ఉంటారు, ఎనభై దాటాయి. బలరాం పేరు ఎత్తగానే కుర్చీలోంచి లేచారు. చేతికర్ర గోడకి ఆనించి, ఎడమ కాలు ఇలా తిప్పి చూపించారు. "బంతి ఇటు పోతుందని అందరం అనుకునేవాళ్లం బాబూ. బంతి అటు పోయేది, బలరాం కూడా అటే పోయేవాడు. మేం మాత్రం ఇటే చూస్తుండేవాళ్లం" అని పకపకా నవ్వారు. అరవై ఏళ్ల పైమాట ఆ ఆట. ఆయన కాలికి ఇంకా గుర్తుంది!

ఫ్రెండ్స్, ఆ ఆటకి ఇప్పుడు మిగిలిన రికార్డింగ్ ఇలాంటి పెద్దవాళ్లే. పీకే, చునీ ఇద్దరూ 2020లో పోయారు, తర్వాత బలరాం. చూసినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పద్మశ్రీ ఇవ్వడం మన చేతుల్లో లేదు. ఫోన్ మాత్రం మన చేతుల్లోనే ఉంది కదా!

అందుకే ఒక్క పని చేయండి. మీ ఇంట్లో, మీ గల్లీలో ఆ రోజుల్లో ఫతే మైదాన్‌కి వెళ్లి మ్యాచ్‌లు చూసిన తాతయ్య ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చోండి. "బలరాం ఎలా ఆడేవారు తాతా?" అని అడగండి. రికార్డ్ బటన్ నొక్కి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. ఆ వీడియో నాకు పంపండి, తర్వాతి ఎపిసోడ్‌లో వాళ్లే మాట్లాడతారు, నేను వింటాను. ఉంటాను మరి, నమస్తే!