విద్యార్థి నాటకము - ప్రదర్శన దినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రాత్రి మన గ్రంథాలయ విద్యార్థులు నాటకము ప్రదర్శింపనున్నారు. ఆ సందర్భమున విద్యార్థి నాటకమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరినారు. "చదువుకొను పిల్లలకు ఈ వేషము లెందుకు?" అను మాట నెల దినములుగా మన యూర వినబడుచున్నది. అది బిడ్డల మేలు కోరు తల్లిదండ్రుల ప్రశ్న. దానికి సమాధానము చెప్పక నాటకమును పొగడుట న్యాయము కాదు.

మొదట కొంత చరిత్ర. తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనమునకు తొలి రోజులలో ఊపిరి పోసినవారు విద్యార్థులే. ధార్వాడనుండి వచ్చిన నాటక సమాజమువారు రాజమహేంద్రవరమున పాక వేసి, ప్రదర్శనము లిచ్చి వెళ్ళిరి. అచ్చట తెలుగు పండితులుగా నుండిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు, వారు విడిచిన ఆ పాకలోనే, 1880లో తమ విద్యార్థులచే నాటకము లాడించిరి. అందొకటి చమత్కార రత్నావళి. అది షేక్‌స్పియరు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు పంతులుగారు చేసిన తెలుగు సేత. ఒకరు విడిచిన పాక, ఒక పుస్తకము, ఒక ఉపాధ్యాయుడు, కొందరు బడిపిల్లలు: ఇదియే నాటి పెట్టుబడి. మరుసటి యేడు, 1881 డిసెంబరు 11న, పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరిలో పలువురు ముఖము చాటువేయగా, అండగా నిలిచినవారిలో విద్యార్థులును ఉండిరి. పదిమందిలో నిలిచి మాటాడ నేర్చినవానికి, పదిమంది కాదన్నప్పుడు నిలువగల ధైర్యముకూడ అలవడునని నా నమ్మకము.

ఇక ప్రదర్శన దినమున మన పిల్లలు ఏమి నేర్చుకొందురో చూడుడు. తెల్లవారినది మొదలు పని. గుంజలు పాతవలెను, తెర త్రాడు సాఫీగా నడచునో లేదో పరీక్షింపవలెను. మూడవ రంగమునకు కావలసిన ఉత్తరమును, చేతికర్రను, కండ్లజోడును ఎవరి వశమున నుంచవలెనో నిర్ణయింపవలెను. రాత్రి వేళ కండ్లజోడు కనబడకున్న తాతగారి వేషము నిలిచిపోవును. చిన్న వస్తువు విలువ పెద్ద పనిలోనే తెలియును.

పాత్రధారి తన మాటలు వల్లించినంత మాత్రమున చాలదు. ఎదుటివాని చివరి మాట వినినగాని తన మాట మొదలు కాదు. ఇతరులు చెప్పునది కడవరకు వినుట మన పెద్దల సభలలోనే అరుదు. దానిని పిల్లలు ఇచ్చట అభ్యసించుచున్నారు. తెరచాటున పుస్తకము పట్టి మాట అందించు బాలుని పని మరింత కష్టము. నటుడు భావముకొరకు ఆగెనో, మరచి ఆగెనో అతడు క్షణములో గ్రహింపవలెను. మొదటిదైనచో మౌనము వహింపవలెను; రెండవదైనచో ప్రేక్షకులకు వినబడకుండ ఆదుకొనవలెను. చప్పట్లలో అతనికి వాటా లేదు. అయినను అతడు లేనిదే నాటకము లేదు.

వేదికపై కూలివాని కుమారుడు జమీందారై ఆజ్ఞాపించును. ఆసామి కుమారుడు పాలేరై చేతులు కట్టుకొని నిలుచును. ఒకరి బ్రతుకు మరొకరికి రెండు గంటలైనను తెలియుట గ్రామమునకు మేలు. స్థానం నరసింహారావుగారివంటి మహానటులు స్త్రీపాత్రలు ధరించి కీర్తి గాంచిన కాలము మనకు గౌరవనీయమే. కాని ఆడపిల్ల వేదిక యెక్కుటకు వెరచిన కాలమును అదియే. ఈ రాత్రి మన బాలికలు స్వయముగా వేషములు ధరించుచున్నారు. వారిని పంపిన తల్లిదండ్రులను నేను అభినందించుచున్నాను.

పరీక్షలు దగ్గరపడిన దినములలో నాటకము వలదనుట సబబే. అభ్యాసమునకు దినమునకొక గంట మించరాదు. ఈ కట్టుబాటు పాటించినచో నాటకము చదువునకు శత్రువు కాదు. పుస్తకమును బీరువానుండి ఊరి నడుమకు తెచ్చు మిత్రము. అక్షరము రాని అవ్వకూడ ఈ రాత్రి మన గ్రంథాలయ పాఠకురాలే.

ప్రేక్షకులకు ఒక మనవి. చేతిలోని ఫోనులను కొంతసేపు మూసి యుంచుడు. ఏ పిల్లవాడైన తడబడినచో నవ్వకుడు. ఆ నవ్వు అతనికి ఏండ్ల తరబడి జ్ఞాపకముండును.

గ్రంథాలయమువారికి మరియొక మనవి. 1880 నాటి ప్రదర్శనములలో గురువుగారి పేరు లోకమున నిలిచినది. ఆ బాలుర పేరులు జనుల నోట నిలువలేదు. మన యూర అట్లు జరుగరాదు. వేషము ధరించినవారి పేరులతోపాటు తెర లాగినవాని పేరును, మాట అందించినవాని పేరును, అయిన ఖర్చును ఒక పుస్తకమున వ్రాసి భద్రపరుపుడు. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము తెరచి తమ పేరులు చూచుకొనుటకు వారే మన పెద్దలై వచ్చెదరుగాక!