మొదటి దాగలి – ఊరికి ఒక కొలిమి
(ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి అనగానే థింసా, డప్పు, గోడ మీద బొమ్మ గుర్తొస్తాయి. ఈ రోజు మేము కొలిమి గురించి మాట్లాడతాం. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాల్లో సవరల శాఖలను చెబుతూ, బుట్టలల్లే కిందల్, కుండలు చేసే కుంబి వారితో పాటు ఇనుప పని చేసే లువార, మూలి వారిని కూడా పేర్కొన్నాడు. అంటే ఇనుప పని మనకు పరాయిది కాదు. కానీ ఇప్పుడు కొడవలి మొద్దుబారినా, గొడ్డలి చెవి పగిలినా సంతకే పోతున్నాం.

నేర్చుకుంటామని కొందరు కుర్రాళ్లు మా దగ్గరకు వస్తున్నారు. సుత్తి, పట్టకారు, బొగ్గులు, గాలికి చిన్న బ్లోయరు ఎలాగో సమకూర్చుకుంటున్నారు. దాగలి దగ్గర ఆగిపోతున్నారు. ఫోన్లో చూసిన కొమ్ము దాగలే కావాలనుకుంటున్నారు. అది కిలోల లెక్కన అమ్మే సరుకు. యాభై కిలోలది కొత్తగా కొనాలంటే పని మొదలుకాకముందే అప్పు మొదలవుతుంది.

పిల్లలారా, కొమ్ము ఉంటేనే దాగలి కాదు. రాతి మీద ఇనుము సాగగొట్టిన కాలం ఉంది. జపాన్‌లో పేరుపొందిన కత్తులు చేసే కమ్మరులు నేటికీ కొమ్ము లేని చదును దిమ్మ మీదే పని చేస్తారు. మీకు కావలసింది గట్టి ఉక్కు, తగినంత బరువు, చదునైన ముఖం. అంతే.

చాలామంది మొదట చూసేది రైలు పట్టా ముక్క. పలాస మీదుగా రైలు పోతుంది కనుక అది సులువని అనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగిలించినదని అనుమానం కలిగే రైల్వే సామాను మన దగ్గర దొరికితే, న్యాయంగా వచ్చిందని మనమే రుజువు చేసుకోవాలి. మొదటి నేరానికే అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. కొండ మీది పిల్లవాడికి పోలీసు స్టేషన్లో ఎంత మాట చెల్లుతుందో మీకు తెలియనిది కాదు. రైల్వే తన పాత ఇనుమును వేలం వేస్తుంది. అలా కొన్న వ్యాపారి బిల్లు రాసిచ్చి, వేలం కాగితం నకలు ఇస్తేనే తీసుకోండి. కాగితం లేని పట్టా ఊరికే ఇచ్చినా ముట్టవద్దు.

దానికి బదులు హైవే పక్క లారీ షెడ్లలో, పాత ఇనుము కొట్లలో లారీ ఇరుసు, యంత్రాల షాఫ్టు ముక్కలు అడగండి. తూకం వేయించి, బిల్లు తీసుకోండి. పది సెంటీమీటర్ల పలకలు, పాతిక సెంటీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు దిమ్మ దాదాపు 20 కిలోలు తూగుతుంది. కిలో సుత్తితో నేర్చుకునేవాడికి అది చాలు. దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి వాడండి. దెబ్బ కింద ఉక్కు ఎక్కువ ఉంటుంది. అదీ దొరక్కపోతే, నాలుగైదు కిలోల పాత సమ్మెట తలను మొద్దులో దిగగొట్టినా చిన్న కత్తులకు సరిపోతుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. బేరింగు గోళీని పాతిక సెంటీమీటర్ల ఎత్తు నుంచి దాని మీదికి వదలండి. పదిహేడు, పద్దెనిమిది దాకా ఎగిరితే మంచి ఉక్కు. చతికిలబడితే మెత్తనిది. పోత ఇనుము వద్దు, దెబ్బకు పెచ్చులు లేస్తాయి. దిమ్మను చింత మొద్దులో సగం దించి, చుట్టూ చీలలు కొట్టి బిగించండి. మన పెద్దల్లా కూర్చుని కొట్టేవారు మొద్దును నేలలో పాతుకోవాలి. నిలబడి కొట్టేవారికి పిడికిలి ఎత్తు ఉండాలి. కళ్లద్దాలు మరవకండి. ఎర్రగా కాలిన ఇనుము లేకుండా ఖాళీ దాగలిని బలంగా కొట్టకండి.

ఇంకో మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా వోచరు ఇస్తారు. అయితే అది ఆ వృత్తిలో ఉన్నవారికే. చేతిలో పని లేనివాడికి దాగలి రాదు, దాగలి లేనివాడికి పని రాదు. ఆ ముడి విప్పేది ఈ ఇరవై కిలోల దిమ్మే.

అందుకే మా విన్నపం. ఇంటికొకటి అక్కర్లేదు, ఊరికొకటి చాలు. పది ఇళ్లు కలిసి చందా వేసుకోండి. బిల్లు గ్రామ పెద్ద దగ్గర ఉంచండి. పని తెలిసిన తాతలను ఆ మొద్దు పక్కన కూర్చోబెట్టండి. గిడుగు రామమూర్తి గారు 1931లో సవర భాషకు వ్యాకరణం ప్రచురించి మన మాటను పుస్తకంలో నిలిపారు. చేతిపని పుస్తకంలో నిలవదు, చేతి నుంచి చేతికే పోవాలి. ఆ తాతలు ఉండగానే నేర్చుకుందాం.

సెలవు. జై ఆదివాసీ.