ఆగమనము, అనుగమనము



క్రీస్తు జయంతికి ముందు వచ్చు నాలుగు ఆదివారములతో గూడిన దినములను పాశ్చాత్య సంప్రదాయము ననుసరించు క్రైస్తవ సంఘములవారు ఆగమన కాలమని వ్యవహరింతురు. నవంబరు 30వ తేదీకి మిక్కిలి సమీపమగు ఆదివారమున నిది ప్రారంభమై, డిసెంబరు 24వ తేదీతో ముగియును. మనకు ఉగాది యెట్టిదో, ఆ సంఘముల ఆరాధన సంవత్సరమునకు ఈ మొదటి ఆదివారము అట్టిది.

నేను వ్యాకరణము చదివినవాడను గనుక మొదట పదమును విచారింతును. గమనమనగా పోవుట. దానికి 'ఆ' యను ఉపసర్గము చేరగానే అర్థము తిరుగబడి వచ్చుట యగును. 'అను' చేరినచో వెంట నడచుట యగును. ఈ రెండు మాటలలో ఈ కాలపు సారమంతయు నున్నది. దేవుడు వచ్చుచున్నాడు, మనము ఆయన చూపిన దారిని నడువవలెను.

మత్తయి సువార్త రెండవ అధ్యాయమున తూర్పు దేశపు జ్ఞానుల కథ కలదు. వారి పండుగ జనవరి 6వ తేదీన వచ్చును. కాని వారి ప్రయాణమును తలపోయుటకు ఈ దినములే తగినవి. వారు ముగ్గురని లోకమున వాడుక. గ్రంథమున సంఖ్య లేదు. కానుకలు మాత్రము మూడు. వారు నక్షత్రమును జూచి బయలుదేరి, యెరూషలేమునకు వచ్చి, పుట్టిన రాజు ఎక్కడనున్నాడని యడిగిరి. హేరోదు రాజు శాస్త్రులను పిలిపించెను. వారు మీకా ప్రవక్త గ్రంథమును బట్టి బేత్లెహేమని వెంటనే యుత్తరము చెప్పిరి.

యెరూషలేమునుండి బేత్లెహేమునకు సుమారు ఆరు మైళ్లు. ఆమడ దూరమైనను లేదు. అయినను ఉత్తరము చెప్పినవారిలో నొక్కడైనను బయలుదేరినట్లు సువార్తలో లేదు. పరదేశులు నడచిరి, గ్రంథము నెరిగినవారు కూర్చుండిరి. ఏండ్ల తరబడి బాలురచేత పాఠములు వల్లె వేయించిన నాకు ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును.

దారియంతయు ముందుగా దెలిసినగాని కదలమని కొందరందురు. యోసేపును జూడుడు. ఆయనకు నాలుగు మారులు కలలో ఆజ్ఞ వచ్చెను. మరియను చేర్చుకొనుమని మొదటిది. తల్లిని శిశువును దీసికొని ఐగుప్తునకు పారిపొమ్మని రెండవది. అక్కడ ఎన్నాళ్లో చెప్పబడలేదు. మరల తెలుపువరకు ఉండుమని మాత్రమే. హేరోదు మరణించిన పిదప స్వదేశమునకు మరలుమని మూడవది. అర్కెలాయు ఏలుబడికి వెరచినప్పుడు గలిలయకు ద్రోవ చూపినది నాల్గవది. సువార్తలలో యోసేపు పలికిన మాట యొక్కటియు లేదు. ఆజ్ఞ యైనంతనే లేచి పోవుటయే ఆయన యుత్తరము.

రాత్రివేళ చేనికి నీరు పెట్టబోవు రైతు చేతి లాంతరు నాలుగడుగుల మేర వెలుగు నిచ్చును. ఆ నాలుగడుగులు నడచినచో మరి నాలుగు కనబడును. నిలిచినచో చేను చేరడు.

పెద్దలారా, మనకు నక్షత్రము కనబడకపోవచ్చును. కాని తెలిసియు చేయక నిలిపిన పని యొకటి ప్రతి గృహమందును ఉండును. అన్నదమ్ముల గట్టు తగవు, పాలేరునకు నిలిపిన జీతము, వితంతువునకు పంచియీయని భాగము, ఇవియే మన ఆరు మైళ్లు. ఈ నాలుగు వారములలో వానిలో నొకదానినైన తీర్పుడు. పెద్దలు నడచిన దారినే పిన్నలు అనుగమింతురు.