వీవ్, వోవ్, వోవెన్



ఇంగ్లీషులో భూతకాల రూపం తిన్నగా ఉండని క్రియలను బళ్ళో అక్షరక్రమంలో వల్లె వేయిస్తాం. బ్రింగ్, బ్రాట్, బ్రాట్. గో, వెంట్, గాన్. ఆ జాబితా టీ అక్షరం దాకా వచ్చేసరికి పరీక్షలు మీద పడతాయి. డబ్ల్యూ చివరి పేజీలో మిగిలిపోతుంది. సోలాపూర్ హోట్గి రోడ్డు నేత బస్తీల పిల్లలకు నష్టం అక్కడే జరుగుతోంది. వాళ్ళ ఇంటి క్రియ ఆ చివరి పేజీలోనే ఉంది మరి! వీవ్, వోవ్, వోవెన్.

ఈ పిల్లల తాతముత్తాతలు పడుగునూ పేకనూ నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఇంటర్వ్యూలో మీ తాతగారు ఏం చేసేవారని అడిగితే కుర్రవాడు 'మై గ్రాండ్ ఫాదర్ వీవ్డ్ చద్దర్స్' అంటాడు. అవతలివారికి అర్థం కాకపోదు. కాని బట్ట నేయడానికి వాడుకలో నిలిచిన రూపం వోవ్. కొందరు ఏ రూపం సరైనదో తెలియక 'టెక్స్‌టైల్ లైన్' అని దాటవేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

వీవ్డ్ అనే మాటే లేదని కాదు. లారీల మధ్య మెలికలు తిరుగుతూ స్కూటర్ పోయిందనుకోండి, హోట్గి రోడ్డు మీద చూడని దృశ్యమేమీ కాదు, అక్కడ వీవ్డ్ అనే అనాలి. నిఘంటువులు చెప్పేదేమిటంటే ఇవి వేర్వేరు క్రియలు. బట్ట నేసే వీవ్ ప్రాచీన ఇంగ్లీషు నాటిది. మెలికలు తిరిగే వీవ్ బహుశా పాత నార్స్ భాష నుంచి వచ్చింది. పలకడంలో ఒకటయ్యాయి గాని భూతకాలంలో దేని దారి దానిదే. ఇక చేయి ఊపడం వేవ్. దాని భూతకాలం వేవ్డ్. ఈ రెండూ నోట్లో కలిసిపోతే తాతగారు చద్దర్లు నేయలేదు, ఊపారు!

వోవ్‌కూ వోవెన్‌కూ తేడా తెలుగుతోనే పట్టుకోవచ్చు. 'నేశాడు' అన్నచోట వోవ్. 'నేసిన' అన్నచోట వోవెన్. నేసిన తువ్వాలు వోవెన్ టవల్. ముందు హాజ్, వాజ్ వంటి సహాయక్రియ ఉన్నా వోవెనే వస్తుంది. 'ది చద్దర్ వాజ్ వోవెన్ ఇన్ సోలాపూర్.' స్పీక్, స్పోక్, స్పోకెన్ వచ్చిన పిల్లవాడికి ఇదీ అదే బాణీ అంటే చాలు. మన క్రియ మాత్రం తిన్నగా ఉందా? నేయులోని 'య' నేశాడులో 'శ' అయింది. అది ఎవరూ వల్లె వేయించకుండానే వచ్చింది.

చిక్కల్లా 'నేసేవాడు' దగ్గర. పిల్లలు వెంటనే 'వాజ్ వీవింగ్' అంటారు. అది ఆ సమయానికి నేస్తూ ఉన్నాడని చెప్పే మాట. ఏళ్ళ తరబడి నేసేవాడనడానికి వోవ్ సరిపోతుంది. 'యూజ్డ్ టు వీవ్' అన్నా సరే.

లేబుళ్ళ సంగతి ఒకటి. 'హ్యాండ్ వోవెన్' అనేది చేతిమగ్గం మీద నేసినదానికే చెల్లుతుంది. సోలాపూర్ చద్దర్లు, తువ్వాళ్ళు ఇప్పుడు ఎక్కువగా మరమగ్గాల మీద తయారవుతున్నాయి. వాటికి ఒట్టి వోవెన్ చాలు. హ్యాండ్ తగిలిస్తే వ్యాకరణ దోషం కాదు, అబద్ధమవుతుంది.

తెలుగులో బట్ట నేస్తాం, బుట్ట అల్లుతాం, కథ కూడా అల్లుతాం. ఇంగ్లీషులో మూడింటికీ వోవే. సాలెపురుగు గూడు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మనవాళ్ళు ఆ పురుగుకు నేతగాడి పేరు పెట్టారు. ఇంగ్లీషు స్పైడర్ మాత్రం నూలు వడకడాన్ని చెప్పే ధాతువు నుంచి పుట్టింది. అందుకని అక్కడ ఎక్కువగా వినబడే మాట స్పన్. స్పిన్, స్పన్, స్పన్. ఇది ఎస్ అక్షరంలో ఉంది కనుక మీ పిల్లలకు ఈపాటికి వచ్చే ఉంటుంది.

సెలవు.