చిన్నతరగతులలో తగవులు

ఒకటవ తరగతిలో తగవు పుట్టుటకు గొప్ప కారణ మక్కరలేదు. పెన్సిలు ముక్క చాలును. కిటికీప్రక్క చోటు చాలును. బెత్తము చూపి ఇద్దరిని కూర్చుండబెట్టుట సులభమే. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. బెత్తము పోయినచోట ఏమి వచ్చినది? పెక్కు తరగతులలో కేకలు వచ్చినవి. కేకయు వేధింపే యని మాకు తోచును.

"ముందెవరు కొట్టినారు?" అని మన మడుగుదుము. ఈ ప్రశ్నతో తరగతి న్యాయస్థానమగును. మాటనేర్చిన పిల్లవాడు గెలుచును. నోరులేని పిల్ల ఏడ్చును. మేము కోరున దిది: మంచినీళ్ళు త్రాగించి, ఏడుపు తగ్గినపిదప, "ఏమి జరిగినది?" అని ఒక్కొక్కరిని అడుగవలెను. ఒకరు చెప్పినదానిని రెండవవారిచేత తిరిగి చెప్పింపవలెను. ఆపై, "ఇప్పుడేమి చేయుదము?" అని వారినే అడుగవలెను. ఆరేండ్లవారి ఉపాయములు చిత్రముగా నుండును. పెన్సిలు విరిచి పంచుకొందు మందురు. విరువనిండు! బలవంతపు క్షమాపణకంటె ఆ రెండు ముక్కలు మేలు.

1939లో మద్రాసు అడయారునకు వచ్చిన మాంటిసోరీగారి పద్ధతిలో ప్రతి పరికరమును గదికొక్కటే యుంచుదురు. అది లోభము కాదు. ఒకరు ముగించువరకు మరియొకరు వేచియుండుట అలవడుటకే.

చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయు లుండవలెను. ఒక్కరే యున్న బడిలో ఇంత విచారణకు తీరిక యెక్కడిది? అచ్చట దినమున కొక్క తగవునైనను ఇట్లు తీర్చి చూడుడు. తక్కిన పిల్లలు వినుచునే యుందురు.