ఏటిగట్టున గాలము, చెరువుగట్టున గాలము

కాలువగట్టున కూర్చుండి, వెదురుకర్రకు దారము కట్టి, గాలమునకు వానపామును గ్రుచ్చి, నీటిమీది బెండు ఎప్పుడు మునుగునా యని ఊపిరి బిగబట్టి చూచిన బాల్యము మనలో చాలమందికి కలదు. మా మట్టుకు మేము చేపలతో ఇల్లు చేరిన సాయంకాలములకంటె వట్టిచేతులతో చేరినవే ఎక్కువ. అయినను మరునాడు మరల వెళ్ళెడివారము. దొరకునో దొరకదో తెలియకపోవుటలోనే ఆ వేడుక యున్నదని అప్పుడు మేమెరుగము.

ఈ వేడుకను గూర్చియే ఇంగ్లండు దేశమున చాలకాలముగా ఒక వాదము జరుగుచున్నది. పైకి చిన్నదిగా కనిపించినను దాని వేళ్ళు లోతైనవి. నేడు దానిని శ్రోతలకు వివరింపదలచితిమి.

ఆ దేశమున గాలము వేయువారు మంచినీటి చేపలను రెండు తెగలుగా చెప్పుకొందురు. సాల్మన్, ట్రౌట్ అనునవి గొప్పింటి చేపలు. తక్కిన రోచ్, బ్రీమ్, పెర్చ్, పైక్, బార్బెల్, కార్ప్ మొదలగువానికి 'కోర్స్' చేపలని, అనగా మోటుచేపలని పేరు. మన బొచ్చె, శీలావతి ఆ కార్ప్‌నకు చుట్టములే. మోటుచేపలను పట్టువారు సాధారణముగా వానిని వండుకొనరు. పట్టి, తూచి, తిరిగి నీటిలో విడుతురు. కూరకొరకు కానప్పుడు ఎట్టి నీటిలో పట్టవలెనన్నది రుచికి సంబంధించిన ప్రశ్న యగును. వాదమంతయు అచ్చటనే పుట్టినది.

కొన్ని దశాబ్దములుగా అచ్చటి రైతులు, వ్యాపారులు పొలములలో చెరువులు త్రవ్వించి, వానిలో కార్ప్ చేపలను విస్తారముగా వదలి, దినమునకు ఇంతయని రుసుము పుచ్చుకొని గాలము వేయనిచ్చుచున్నారు. కూర్చుండుటకు చెక్కవేదికలు, కారు నిలుపుటకు చోటు, తేనీటి అంగడి, పెక్కుచోట్ల చక్రముల కుర్చీలో వచ్చువారికి సయితము నీటి అంచువరకు చక్కని బాట ఉండును. పసివాడు వచ్చినను చేప దొరకకపోవుట అరుదు. చట్టము కూడ ఈ చెరువులకు కలసివచ్చినది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని 1878 నాటి శాసనము మార్చి 15 మొదలు జూన్ 15 వరకు గాలమును నిషేధించినది. 1995లో ఆ నిషేధము నిలువనీళ్ళలో చాలవాటికి తొలగిపోయినది. నదులకు మాత్రము నేటికిని ఉన్నది.

నదీపక్షమువారికి ఇది రుచింపదు. వచ్చిన చేపయే పలుమారులు గాలమునకు చిక్కి పెదవులు చీలియుండునని, ముందుగా వెల చెల్లించి పొందిన విజయము విజయము కాదని వారందురు. ఏరు ఏ మాటయు ఇయ్యదు. నీటి రంగు, గాలి దిక్కు, వరద తగ్గుముఖము, నాచు పెరిగిన చోటు, ఇవన్నియు చదువుకొన్నవానికే అది చేప నిచ్చును.

ఈ మాటలో నిజమున్నది. కాని 'సహజము' అను పదమును వారు కొంత జాగ్రత్తగా వాడవలెను. కార్ప్ ఆ దీవికి స్వతస్సిద్ధమైనది కాదు. మధ్యయుగములలో మనుష్యులు తెచ్చినది. నేడు సెవర్న్ నదికి కీర్తి తెచ్చిన బార్బెల్ చేపలను 1956లో వేరొక నదినుండి తెచ్చి విడిచిరి. 1952లో రిచర్డ్ వాకర్ రెడ్‌మైర్ కొలనులో 44 పౌనుల కార్ప్‌ను పట్టి చరిత్రకెక్కెను. ఆ కొలనులో కూడ 1934లో కార్ప్ పిల్లలను పోసియుండిరి. కాబట్టి చేపను ఎవరు విడిచిరన్నది అసలు భేదము కాదు. విడిచిన పిమ్మట ఆ నీరు తనంతట తాను చేపను సాకి, దాని సంతతిని నిలుపగలదా యన్నదియే భేదము.

ఇచ్చటనే మాకు ముఖ్యముగా తోచిన విషయమున్నది. నది చెడినపుడు నష్టపడువాడు ఒకడు ఉండవలెను; అతడే కేకవేయును. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అను న్యాయవాది, నదులను పాడుచేయువారిపై వ్యాజ్యములు నడుపుటకై గాలము వేయువారి సహకార సంఘము నొకదానిని స్థాపించెను. ఆ రోజులలో డార్బీ నగరమువద్ద డెర్వెంట్ నదిలోనికి నగరపు మురుగు, కృత్రిమ పట్టు కర్మాగారపు వ్యర్థజలము, విద్యుత్కేంద్రపు వేడినీరు చేరుచుండెను. అచ్చట చేపలు పట్టు హక్కుగల 'ప్రైడ్ ఆఫ్ డార్బీ' అను సంఘము ఆ సంఘపు అండతో మూడు పక్షములమీదను దావా వేసి గెలిచినది. 1953లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచినది. ఒక వినోదసంఘము నగరపాలక సంస్థను, పెద్ద కంపెనీని న్యాయపీఠము ముందు నిలిపినదనగా, ఆ బలము వారికి నదితోడి సంబంధమువలననే కలిగినది.

గాలము పట్టినవారందరును రుసుము చెల్లించి చెరువుగట్లకు తరలిపోయినచో, ఏటి నీరు నల్లబడినను వారికి నష్టము లేదు. 2020లో వెలువడిన లెక్కల ప్రకారము ఇంగ్లండు నదులలో మంచి జీవావరణ స్థితిలో ఉన్నవి నూటికి 14 మాత్రమే. ఇట్టి సమయమున 2022 మొదలు అచ్చటి గాలపు సంఘములవారు కొందరు నదీజలమును తామే సీసాలలో పట్టి పరీక్షించుచున్నారు. వారిని ఏటిగట్టునుండి మరలింపకుండుటయే మేలు.

మనకును ఈ ప్రశ్న పరాయిది కాదు. కొల్లేటిలో గట్లు కట్టి చేపల చెరువులుగా మార్చగా, 2006లో ప్రభుత్వము వానిలో పెక్కింటిని తెగగొట్టించవలసి వచ్చినది. అచ్చట సమస్య వినోదముది కాదు, బ్రతుకుతెరువుది. అందువలన అది మరింత క్లిష్టమైనది. అయినను చెరువు మనము పెట్టినదానిని మనకే తిరిగి యిచ్చును, సరస్సు మనము పెట్టనిదానిని కూడ యిచ్చునన్న సంగతి రెండుచోట్లను ఒకటే.

త్రవ్విన చెరువును మేము నిందింపము. పసివానికి మొదటి చేప అచ్చటనే దొరకవచ్చును; ముదుసలికి, వికలాంగునికి అచ్చటనే కూర్చుండ వీలగును. కాని గాలము పట్టుట నేర్చిన పిల్లవానిని ఒకనాడు ఏటిగట్టునకు కూడ తీసికొనిపోవలెను. ఆ సాయంకాలము అతడు వట్టిచేతులతో ఇల్లు చేరినను చింతలేదు. ఆ ఏటిలో చేప యుండవలెనని కోరువాడు ఊరికి మరియొకడు పెరిగినట్లే.